ఎనిమిది అక్షరాల అత్తయ్యగారు

పోయిన నెల అమలాపురం బస్టాండు దగ్గర ఒక ఫ్లెక్సీ కట్టారు. మా ప్రాంతంలో ఇప్పుడు పెళ్ళికీ ఫ్లెక్సీయే, పుట్టినరోజుకీ ఫ్లెక్సీయే, మనిషి పోయినా ఫ్లెక్సీయే. మారేదల్లా కింద రాసే మాట. నేను సోడా తాగుతూ ఊరికే చదివాను. శ్రీమతితో మొదలై, ఇంటిపేరు, వెంకట, సత్య, ఇంకా ఏవేవో కలుపుకుని ఆ పేరు ఒక వరసంతా నిండి రెండో వరసలోకి దిగింది. ఎవరో పెద్దావిడ పోయారనుకుని, ఖాళీ సీసా ఇచ్చేస్తూ ఫొటో చూశాను. అట్టలత్తయ్యగారు.

ఇన్నేళ్ళ పరిచయంలో ఆవిడ పేరేమిటో నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం రాలేదు. బండారులంకలో మగ్గం ఉన్న ప్రతి ఇంటికీ ఆవిడ అత్తయ్యగారే. ఆవిడ ఈడువాళ్ళు కూడా అలాగే పిలిచేవాళ్ళు. మగ్గానికి జకార్డు అట్టలు కొట్టే మిషను ఆవిడ దగ్గరుండేది కనక, పక్కన లేనప్పుడు అట్టలత్తయ్యగారు అనేవారు. ఆ ఫ్లెక్సీ మీది పేరు ఇక్కడ రాయను. అంత పొడుగు పేరు ఆవిడకి నచ్చదు.

అట్టలంటే తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. చీర అంచులో పువ్వో, పక్షో రావాలంటే ఏ పోగు లేవాలో, ఏది లేవకూడదో మగ్గానికి ఎవరో చెప్పాలి. ఆ చెప్పేది దళసరి అట్ట. చిల్లు ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట ఊరుకుంటుంది. అలాంటి అట్టల్ని దండలా కుట్టి మగ్గం పైన వేలాడదీస్తారు. ఒకప్పుడు ఆ చిల్లులు చేత్తో కొట్టేవాళ్ళు. అత్తయ్యగారి భర్త ఎక్కడినుంచో ఒక పాత మిషను, దాన్ని నడిపించే అంతకన్నా పాత కంప్యూటరు తెచ్చిపెట్టాడు. ఆయనకి ఓపిక చాలక వదిలేస్తే ఈవిడ పట్టుకుంది. నేను అమలాపురంలో కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి కనక, ఆ కంప్యూటరుకి జబ్బు చేసినప్పుడల్లా నాకు కబురొచ్చేది. మా తేమకి దానికి జబ్బు లేని రోజు తక్కువ.

ఆవిడ బక్కపలచని మనిషి. కళ్ళజోడుకి తాడు బదులు మగ్గం మీది నూలుపోగు కట్టుకునేది. మిషను ముందు ఇనపకుర్చీలో కూర్చుంటే, వచ్చినవాళ్ళు నిలబడాల్సిందే, రెండో కుర్చీ ఉండేది కాదు. కావాలనే పెట్టలేదని నా అనుమానం. కూర్చుంటే మాట్లాడతారు కదా.

మా కోనసీమలో ఏ మాటైనా నేరుగా రాదు. అప్పు అడగడానికొచ్చినవాడు ముందు మీ కొబ్బరి దింపు ఎలా ఉందంటాడు. చావు కబురు తెచ్చినవాడు కూడా మంచినీళ్ళు తాగి, అందరూ కులాసాయేనా అని అడిగి గాని చెప్పడు. నేనూ అంతే. ఈ రాసింది చూస్తే మీకు తెలుస్తూనే ఉంటుంది. అత్తయ్యగారు అక్కడే పుట్టి పెరిగినా ఆ విద్య అంటలేదు. గుమ్మంలో నిలబడి ఎవరైనా "అత్తయ్యగారూ, బాగున్నారండీ, మొన్నంతా వర్షం కదండీ" అని మొదలెట్టగానే ఎడంచెయ్యి పైకెత్తేది.

"సంగతి చెప్పు."

ఫోను ఎత్తితే "చెప్పు" అనేది. విషయం అవగానే పెట్టేసేది. అవతలివాళ్ళు ఇంకా "ఉంటానండీ, మరుంటానండీ" అంటూనే ఉండేవాళ్ళు. పెళ్ళికి పిలవడానికొస్తే శుభలేఖ తీసుకుని, తేదీ చూసి, కార్డు తిరిగి చేతిలో పెట్టేసేది. "తెలిసింది. పట్టుకెళ్ళు, ఇంకోళ్ళకి పనికొస్తది." దీనికి ఊళ్ళో కొంతమంది బాధపడ్డారు. పెళ్ళికి మాత్రం వెళ్ళేది. అక్షింతలు వేసి, భోంచేసి, ఎవరితోనూ మాట్లాడకుండా వచ్చేసేది.

ఆ కంప్యూటరే ఆవిడని అలా చేసిందని ఊళ్ళో అనేవాళ్ళు. నాకు నమ్మకం లేదు. అలాంటి మనిషికి అలాంటి మిషను దొరికిందంతే. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, బొమ్మా గిమ్మా ఏమీ ఉండదు. అందులో ఏ ఫైలుకైనా ఎనిమిది ఇంగ్లీషు అక్షరాలకి మించి పేరు పెట్టడానికి లేదు. తొమ్మిదోది కొడితే తీసుకోదు. ఆవిడ తనకోసం ఒక పద్ధతి పెట్టుకుంది. ముందు ఇంటివారి గుర్తు, తరవాత అంచు గుర్తు. ఊళ్ళో అన్ని ఇళ్ళూ, అన్ని అంచులూ అందులోనే ఇరికించింది. ఎవరు ఏ పేరు చెప్పినా వేళ్ళ కణుపుల మీద అక్షరాలు లెక్కపెట్టడం ఆవిడకి అలవాటైపోయింది. మా అమ్మాయి పుట్టినప్పుడు స్వీటు పట్టుకెళ్ళి, పెట్టిన పేరు చెప్పాను. బొటనవేలు కణుపుల మీద నడిచింది.

"పట్టదు. ఇంట్లో ఏమంటారు?"

"బుజ్జి అంటామండి."

"అది పడతది" అని స్వీటు తీసుకుంది.

చిక్కంతా కొత్త కంప్యూటర్లు రావడంతో వచ్చింది. అమలాపురంలో ఒక డిజైను మాష్టారు ఉండేవాడు. నేతవాళ్ళు కాగితం మీద గీసుకొచ్చిన బొమ్మని గళ్ళలోకి మార్చి ఫ్లాపీలో వేసి ఇచ్చేవాడు. ఆయన కొత్తది కొన్నాడు. అందులో ఫైలుకి ఎంత పొడుగు పేరైనా పెట్టుకోవచ్చు. ఆ ఫ్లాపీ తెచ్చి అత్తయ్యగారి పాతదాన్లో పెడితే, అది ఆ పేరులో ముందు ఆరక్షరాలు ఉంచి, ఒక మెలిక గీత పెట్టి, పక్కన అంకె వేసి చూపిస్తుంది. అవే ఆరక్షరాలతో మొదలయ్యేది ఇంకోటుంటే దానికి తరవాతి అంకె. తోక ఎంత పొడుగున్నా పాత మిషనుకి అక్కర్లేదు.

అది కూడా పెద్ద చిక్కు కాదు. పేరులో అసలు సంగతి ముందుంటే ఆరక్షరాలతో బండి నడిచిపోతుంది. కాని మాష్టారు మా ప్రాంతం మనిషి, అందులోనూ మరీ మర్యాదస్తుడు. ప్రతి ఫైలు పేరూ ఇంగ్లీషు అక్షరాల్లో 'అత్తయ్యగారికి' అని మొదలుపెట్టేవాడు. అత్తయ్యగారికి మిద్దింటివారి తెప్ప అంచు. అత్తయ్యగారికి రేవువారి చిలకల అంచు. ఈవిడ మిషనులో ఆరక్షరాలయ్యేసరికి అత్తయ్య కూడా పూర్తయ్యేది కాదు. ఫ్లాపీలో ఎన్నుంటే అన్నీ ఒకటే పేరు, పక్కన ఒకటి, రెండు, మూడు. పోనీ తెరిచి చూద్దామంటే ఆ మిషనుకి బొమ్మ చూపించడం రాదు. అట్టలు మగ్గం ఎక్కి నేత పడితే గాని అది ఏ బొమ్మో తెలిసేది కాదు.

ఈ విషయం మీద వాళ్ళిద్దరి సంభాషణ నేను చాలాసార్లు విన్నాను.

"ముందు సంగతి పెట్టు. మర్యాద చివర పెట్టుకో."

"అలాగెలాగండీ అత్తయ్యగారూ. పెద్దవారికి పంపేది. తెరవగానే మీ పేరు కనపడాలి కదండీ."

"నా పేరే కనపడతంది. మిగతాది కనపట్లేదు."

"ఆయ్. సరేనండి. అలాగేనండి."

మరుసటి వారం ఫ్లాపీలో మళ్ళీ అత్తయ్యగారే. చెయ్యనని ఆయన ఎప్పుడూ అనలేదు. మా వైపు ఎవరూ అనరు.

అందుకని ఆవిడ ప్రతి ఫ్లాపీకీ ఆయనకి ఫోను చేసి, ఒకటి ఎవరిది, రెండు ఎవరిది అని కనుక్కుని, తన పద్ధతిలో ఎనిమిది అక్షరాలు పెట్టుకునేది. ఆ ఫోను ఆవిడకి శిక్ష. ఒకటో అంకె ఎవరిదో చెప్పడానికి ముందు మాష్టారు ఆవిడ మోకాళ్ళ సంగతి అడిగేవాడు, కాలవలో నీళ్ళ సంగతి అడిగేవాడు, వాళ్ళ వియ్యపురాలికి వచ్చిన కళ్ళ జబ్బు సంగతి చెప్పేవాడు. ఆవిడ రిసీవరు చెవికి దూరంగా పట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చునేది.

ఇప్పుడు ఆ ఊరి ఆనవాయితీ ఒకటి చెప్పాలి. కొత్త అంచు ఎవరింట్లో పుడితే, ఆ ఏడు పెళ్ళిళ్ళ రోజులు అది ఆ ఇంటిదే. మిగతావాళ్ళు ఎంత ముచ్చటపడ్డా ఆ ముహూర్తాలు అయ్యేదాకా నెయ్యరు. ఆ తరవాత ఎవరైనా నేసుకోవచ్చు. దీనికి కాగితమూ కలమూ లేవు. కాపలా అత్తయ్యగారే. ఆవిడ అట్టలు కొట్టకపోతే ఎవరూ నెయ్యలేరు కదా.

తెప్ప అంచు మిద్దింటివారి చిన్నకోడలు గీసుకున్నది. ఆ పిల్ల పుట్టిల్లు ఓడలరేవు వైపు. తెరచాప ఒక పక్కకి వాలిన చిన్న తెప్ప, కింద రెండు అలలు, పక్కన మళ్ళీ తెప్ప. బండారులంకలో మగ్గాల మీద మామిడిపిందెలు, హంసలు తప్ప ఇంకోటి ఎరగరు. భర్త మస్కట్ వెళ్ళాడు. ఆ పిల్ల, ఊళ్ళో ఎక్కువ మగ్గాలున్న రేవువారి దగ్గర కూలికి నేసేది. అంటే నూలు వాళ్ళది, జరీ వాళ్ళది, చీర వాళ్ళది, మగ్గం, చేతులు మాత్రం ఈ పిల్లవి. అమలాపురంలో ఒక చీరలకొట్టు షావుకారు ఆ కాగితం చూసి, "ఇది ఇంకెక్కడా లేదమ్మా. మొదటి చీర నేసి పట్రా. బాగుంటే ఆర్డరు నీ పేరు మీదే ఇస్తాను" అన్నాడట. ఆ మాట పట్టుకుని ఆ పిల్ల పుట్టింటి నుంచి నూలు సంపాదించుకుంది. ఆ ఒక్క అంచు నిలబడితే కూలినేత వదిలేసి సొంత నేతకి రావచ్చు. లేకపోతే మళ్ళీ రేవువారి నూలే.

అదే రోజుల్లో రేవువారు చిలకల అంచు ఒకటి గీయించారు. రెండూ ఒకే ఫ్లాపీలో వచ్చాయి. అత్తయ్యగారు ఫోను చేసి, ఒకటి మిద్దింటిది, రెండు రేవుది అని కనుక్కుంది. తీరా ఎక్కించబోతే ఫ్లాపీకి బూజు పట్టి చదవలేదు. మాష్టారు మళ్ళీ వేసి, ఆటోవాడికిచ్చి పంపాడు. అందులోనూ ఒకటి, రెండు ఉన్నాయి. ఆవిడ రెండోసారి ఫోను చెయ్యలేదు. ఒకటి మిద్దింటిది, రెండు రేవుది అని పేర్లు పెట్టేసుకుని రెండు ఇళ్ళకీ అట్టలు కొట్టి ఇచ్చేసింది.

కొన్నాళ్ళు పోయాక నేను ఆవిడ కంప్యూటరు విప్పి బూజు తుడుస్తూ ఉండగా ఆ పిల్ల వచ్చింది. అంతవరకు తన మగ్గం మీద పాత పడుగు నడుస్తూ ఉండి, ఆరోజే కొత్త పడుగు ఎక్కించి అట్టలు తగిలించిందట. గుమ్మం పట్టుకుని నిలబడింది. మా వైపు మనుషుల్లా వర్షం గురించి మొదలెట్టలేదు.

"అత్తయ్యగారూ, నా మగ్గం మీద చిలకలొస్తున్నాయండి."

అత్తయ్యగారు కళ్ళజోడు సర్దుకుంది. చెయ్యి పైకెత్తలేదు. కాసేపు తెర వైపే చూసింది. అప్పుడు తెర మీద ఏమీ లేదు, నేను విప్పేశాను.

"పద" అని లేచింది. ఇద్దరూ బయల్దేరారు. నన్నెవరూ రమ్మనలేదు గాని నేనూ వెళ్ళాను.

రేవువారిది కాలవ ఒడ్డున పెద్ద సాల. వరసగా మగ్గాలు. గుమ్మంలోంచే కనపడింది, ఒక్కో మగ్గం మీదా తెప్పలు బారులు తీరి ఉన్నాయి. పని ఆగలేదు. ఆ ఇంటి పెద్దాయన పంచె సర్దుకుంటూ ఎదురొచ్చాడు.

"రండత్తయ్యగారూ. కూర్చోండి. ఒరేయ్, కొబ్బరిబోండాం చెక్కండ్రా. ఏంటండీ, ఇంత ఎండలో వచ్చేరు?"

"నువ్వు గీయించింది చిలకలు."

"అవునండి."

"మగ్గం మీద తెప్పలున్నాయి."

"ఆయ్. అవేనండి వచ్చేయి. మేమూ అనుకున్నామండీ, ఇదేంటి చిలకలు రావాలి కదా అని. మీరు కొట్టి ఇచ్చేక కాదనడం బాగోదని ఊరుకున్నామండి. మిమ్మల్ని తప్పుపట్టినట్టుంటది కదండీ." ఆయన ఆ పిల్ల వైపు చూసి, "నీదా అమ్మా ఇది? ఎంత బాగా గీసేవమ్మా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆయన ముఖంలో దొంగతనం ఏమీ లేదు. నిజంగానే ముచ్చటపడుతున్నాడు. అప్పటికే కొన్ని చీరలు అమలాపురం కొట్టుకి వెళ్ళిపోయాయట, అదే కొట్టుకి. షావుకారు సంతోషించి ఇంకా అడిగాడట.

సాయంత్రానికి మాష్టారు అత్తయ్యగారింటికి పరిగెత్తుకొచ్చాడు. ఏం జరిగిందో అప్పుడు నేనే విడమరిచి చెప్పాను. ఆ అంకె పేరులో భాగం కాదు. డాక్టరుగారి దగ్గర చీటీ నంబరు లాంటిది. ఆవేళ ముందొచ్చినవాడిది ఒకటి, రేపు ఇంకొకడిది ఒకటి. మాష్టారు రెండో ఫ్లాపీలో చిలకల్ని ముందు వేశాడు, తెప్పల్ని తరవాత వేశాడు. ఆయన తెర మీద పూర్తి పేర్లు నిక్షేపంగా కనపడుతున్నాయి, ఆయనకి తేడా తెలిసే వీల్లేదు. ఈవిడ తెర మీద రెండూ అత్తయ్యగార్లే.

"చూసేరాండీ, మిషను తప్పండీ" అన్నాడు మాష్టారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఎవరిదీ కాదండీ. మిషనుదండి." రేవు పెద్దాయన కూడా వచ్చి నిలబడ్డాడు. "ఆయ్, మిషనుదేనండి. మనమేం చేస్తామండీ" అన్నాడు. అందరికీ ప్రాణం తేలికపడింది. నాక్కూడా, అబద్ధమెందుకు.

"ఫోను చేసి అడగాల్సింది. చెయ్యలేదు" అంది అత్తయ్యగారు.

ఆ మాట మాష్టారితో అంది. చిన్నకోడలు గుమ్మంలో నిలబడే ఉంది. అత్తయ్యగారు అటు తిరిగి ఒక్క మాట చెపుతుందని నేను చూశాను. అటు తిరగనే లేదు. నన్ను కంప్యూటరు బిగించమంది, తెప్ప అట్టలు కొత్తగా కొట్టింది, కట్ట కట్టి ఆ పిల్ల చేతిలో పెట్టి, "పట్టుకెళ్ళు" అంది. అంతే. ఆ పిల్ల తీసుకుని వెళ్ళిపోయింది. ఇంత కఠినమైన ఆడమనిషి ఉంటుందా అనిపించింది నాకు. బస్సులో ఇంటికొచ్చేదాకా ఆవిణ్ణి మనసులో తిట్టుకుంటూనే ఉన్నాను.

ఆ పిల్ల చీర నేసి షావుకారు దగ్గరికి పట్టుకెళ్ళింది. ఆయన మడత విప్పి చూసి, "ఇది రేవువారి అంచు కదమ్మా. వాళ్ళ దగ్గరే కదా నువ్వు నేసేది" అన్నాడట. ఇది నాది అని ఆ పిల్ల చెప్పిందట. "అయ్యుండచ్చమ్మా. చూద్దాం" అన్నాడట. మా దగ్గర చూద్దాం అంటే ఇంక రావద్దని.

ఆ పిల్లకి మిగిలిన దారి ఒక్కటే, రేవువారి నూలుతో, రేవువారి కూలికి, తన తెప్పల్ని తనే నెయ్యడం. రేవువారు కబురు కూడా చేశారు. అంచు బాగా నడుస్తోంది, కూలి మగ్గాల మీద కూడా ఎక్కిస్తాం, నీ మగ్గానికీ పడుగు పంపమంటావా అని. కాని కూలి మగ్గాలన్నిటికీ ఎక్కించాలంటే ఇంకా అట్టలు కావాలి. పెద్దాయన అత్తయ్యగారి దగ్గరికి మనిషిని పంపాడు. ఆవిడ కొట్టనంది. ఆయనే వచ్చాడు. ఆవేళ నేను కీబోర్డు మార్చడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను.

"మిద్దింటి పిల్ల వచ్చి కొట్టమంటే కొడతాను" అంది అత్తయ్యగారు.

"అలాగేనండి. అడుగుతామండి. ముందు కొట్టేయండి, ముహూర్తాలు దగ్గరికొచ్చేయి కదండీ. పిల్ల ఎక్కడికి పోద్ది, మన పిల్లే కదండీ."

"ఆ పిల్ల రావాలి."

"అత్తయ్యగారూ, జరిగిందేదో జరిగింది. మిషను చేసిందానికి..."

ఎడంచెయ్యి లేచింది. ఆయన ఆగిపోయాడు. అంతటి పెద్దమనిషి మాట మధ్యలో ఆపడం ఆ ఊళ్ళో ఇంకెవరివల్లా కాదు. ఆయన తిన్నగా మాష్టారి దగ్గరికెళ్ళి ఫ్లాపీ అడిగాడట, ఇంకో ఊళ్ళో కొట్టించుకుందామని. మాష్టారు, "అత్తయ్యగారు చెప్పకుండా ఎలాగండీ, పెద్దావిడ, బాగోదండీ" అన్నాడట. ఆయన మర్యాద వల్ల ఒకరికి మేలు జరగడం నాకు తెలిసి అదే మొదలు.

ఊరంతా ఆ పిల్ల మీద పడింది. పోన్లెద్దూ అమ్మా, పెద్దవాళ్ళతో ఎందుకు, అంచుదేముంది ఇంకోటి గీస్తావు. ఆ పిల్ల సొంత అత్తగారు కూడా అదే మాట. నాకు ఊరుకోబుద్ధి కాక అత్తయ్యగారితో అన్నాను. "ఒక్కసారి ఆ పిల్లని పిలిచి మాట్లాడండి అత్తయ్యగారూ. పొరపాటైపోయిందమ్మా అంటే దాని మనసు తేలికపడద్ది."

ఆవిడ కీబోర్డు మీది దుమ్ము ఊదింది.

"మాట్లాడ్డానికేముంది?"



చివరికి రేవు పెద్దాయనే మిద్దింటికి వెళ్ళాడు. మజ్జిగ తాగాడు. మస్కట్ నుంచి ఫోనొస్తోందా అని అడిగాడు. దూడ బాగుందన్నాడు. అవన్నీ అయ్యాక అంచు మాటెత్తాడు. చిన్నకోడలు నిలబడే సమాధానం చెప్పిందట.

"అట్టలు కొట్టించుకోండి మావయ్యగారూ. ఈ అంచు నాదని కొట్లో మీరే చెప్పాలండి. నా మగ్గం చీరలు నా పేరు మీద వెళ్ళాలి. ఇంక కూలికి నెయ్యనండి."

పెద్దాయన చాలాసేపు దూడ వైపు చూస్తూ కూర్చున్నాడని చెప్పుకున్నారు. ఆయ్ అనడానికి ఆయనకి జీవితంలో అంత ఆలస్యం ఎప్పుడూ అయ్యుండదు. అన్నాడు. మర్నాడు ఇద్దరూ ఒకే బస్సులో అమలాపురం వెళ్ళారు. ఆయన మాటిచ్చాడంటే తప్పేవాడు కాదు, అది మాత్రం ఒప్పుకోవాలి. షావుకారు ముందు చెప్పాడు. ఆ పిల్ల పేరు మీద ఆర్డరొచ్చింది. వెనక్కొచ్చి అత్తయ్యగారి గుమ్మంలో నిలబడి "కొట్టండి" అంది. అత్తయ్యగారు మిషను ఆన్ చేసింది. ఆ రోజు కూడా వాళ్ళిద్దరి మధ్యా ఇంకో మాట లేదు.

ఆ తరవాత ఆ మిషను పోయింది. కొత్తది వచ్చింది. అందులో ఎంత పొడుగు పేరైనా పట్టేది. ఆవిడ మాత్రం ఎనిమిది అక్షరాల దగ్గరే ఆపేసేది. నేను కంప్యూటర్లు మానేసి సీసీ కెమెరాలు బిగించడం మొదలుపెట్టాక ఆ ఊరు వెళ్ళడం తగ్గింది.

ఫ్లెక్సీ చూసిన వారానికి బండారులంకలో ఆవిడ పెద్దకార్యానికి వెళ్ళాను. షామియానా కింద మాష్టారు కనిపించి నా మోకాళ్ళ సంగతి అడిగాడు. వడ్డిస్తున్నవాళ్ళలో మిద్దింటి చిన్నకోడలుంది. జుట్టు నెరిసింది. ఇప్పుడావిడ సాలలో మగ్గాలన్నీ సొంతవే. భోజనాలయ్యాక చేతులు తుడుచుకుంటూ వచ్చి పలకరించింది. ఊరుకోలేక నేనే ఆ పాతమాట కదిపాను. చివరిదాకా మీకు ఒక్క మాట చెప్పలేదు కదండీ ఆవిడ, క్షమించమ్మా అని, అన్నాను.

"చెప్పలేదండి" అంది. "రోజూ చూసేదాన్నండి, కబురు చేస్తారేమో, పిలుస్తారేమోనని. చెయ్యలేదు. రాత్రుళ్ళు కోపంతో నిద్రపట్టేది కాదండి."

విస్తళ్ళు ఎత్తుతున్నవాళ్ళకి దారి ఇచ్చి, పక్కకి జరిగి నిలబడింది.

"క్షమించమని అడిగుంటే నేనేమంటానండీ? పర్లేదండీ అత్తయ్యగారూ అనేసేదాన్ని. పెద్దావిడ అడిగితే ఇంకేమంటాం. ఒకసారి పర్లేదు అనేసేక, రేవు మావయ్యగారొచ్చి మజ్జిగ తాగి కూర్చుంటే, కాదనడానికి నా దగ్గర ఇంకేముంటదండీ?"